కడియం దాటాక దిగాను

“కడియం దాటాక ఎందుకు దిగేవు?” అని మా ఆయన అడిగేటప్పటికి నేను చారుకి పోపు వేస్తున్నాను. ఆవాలు చిటపటలాడుతున్నాయి కాబట్టి వినపడనట్టు నటించొచ్చు. నటించలేదు. స్టవ్ తగ్గించి వెనక్కి తిరిగాను. లోకనాథ్ వంటింటి గుమ్మంలో నిలబడి ఫోను నావైపు తిప్పి చూపిస్తున్నాడు.

అందులో నేనొక నీలం చుక్కని. రాజమండ్రిలో రక్తపరీక్షల ల్యాబ్‌లో నా ఉద్యోగానికి ఒప్పుకున్న రోజే “నీ క్షేమం కోసమే కదా” అంటూ నా ఫోను తన ఫోనుకి కలిపేసుకున్నాడు. ఆ చుక్క ఇవాళ సాయంత్రం కాలువ వంతెన మీద చాలాసేపు కదల్లేదట.

“కాలువకి నీళ్ళొస్తున్నాయండి. చూద్దామని దిగాను.”

“ఏం చూద్దామని?”

“నీళ్ళే.”

అతను నవ్వితే బాగుండును. నవ్వలేదు.

పొద్దున్న లేచింది మొదలు ఇంట్లో అందరి క్యారేజీలూ, అందరి బట్టలూ నా పనే. ల్యాబ్‌కి వెళితే కౌంటర్ దగ్గర “కొంచెం నవ్వుతూ మాట్లాడండి మేడమ్” అనే మేనేజరు. ఈ రెండింటికీ మధ్య కెనాల్ రోడ్డు మీద బస్సు ప్రయాణం. కిటికీ పక్కన సీటు దొరికిందంటే ఆ కాసేపూ నన్నెవరూ ఏమీ అడగరు. నర్సరీల ముందు పేర్చిన మొక్కలు, కాలువ మీదికి వంగిన కొబ్బరిచెట్లు, రేవుల్లో బట్టలుతికే ఆడవాళ్ళు, అన్నీ రోజూ చూసేవే. అయినా చూస్తాను. వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేశాక అడుగంతా బీటలు వారి, చిరిగిన చెప్పులూ సీసాలూ బయటపడతాయి. అప్పుడూ చూస్తాను.

ఇవాళ తిరిగొస్తుంటే ధవళేశ్వరం దగ్గర కాలువలో నీళ్ళున్నాయి. కడియం దాటాక లేవు. అంటే వచ్చే నీటిని మా బస్సు దాటేసిందన్నమాట. అది తట్టగానే ఒళ్ళు ఝల్లుమంది. బస్సు ఆపించి దిగిపోయి, వంతెన మీద నిలబడ్డాను. ముందు కొంగలొచ్చాయి, బురదలో ఏదో ఏరుకు తింటూ, తీరిగ్గా. వాటి వెనక నీళ్ళు. ఉరుకుతూ వస్తాయనుకున్నాను. కాదు, పాకే పిల్లలా వచ్చాయి. ప్రతి బీట దగ్గరా ఆగి, అది నిండాక ముందుకి జరిగి, ఎండుటాకుల్నీ నురగనీ నెట్టుకుంటూ వచ్చాయి. బీటల్లోంచి బుడగలు లేచాయి. తడిమట్టి వాసన నా దాకా వచ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చాను. ఈ మాట వంటింట్లో ఎవరికి చెప్పను?

“పక్కన ఎవరున్నారు?” అన్నాడు.

“ఎవరూ లేరు.”

“ఎవరూ లేకుండా అంతసేపు ఒక్కదానివే నిలబడ్డావా?”

నాకు కోపం వచ్చింది. ఏటా నీళ్ళు వదిలారనగానే మామగారూ ఈయనా “నీళ్ళు చూసొస్తాం” అని గట్టు మీదికి పోతారు. చీకటి పడేదాకా రారు. చల్లారిన కూరలు మళ్ళీ వేడిచేసి పెట్టేది నేను. పక్కన ఎవరున్నారని అడగాలని నాకెప్పుడూ తట్టనే లేదు. ఆ మాటే అన్నాను.

“మాకు పొలం ఉంది. నారుమళ్ళు తడపాలి. నీకేం పని అక్కడ?”

ఏ పనీ లేదు. రోజంతటిలో ఎవరి కోసమూ కాకుండా చేసింది అదొక్కటే.

“ఎవర్ని కలిసేవో చెప్పెయ్. ఏమీ అనను,” అన్నాడు, గొంతు తగ్గించి. మనిషి ఉన్నాడంటే నమ్మేలా ఉన్నాడు, నీళ్ళంటే నమ్మడు. నేను స్టవ్ వైపు తిరిగేసరికి, “రేపట్నుంచి బస్సు వద్దు. బండి మీద నేనే దింపి, నేనే తీసుకొస్తాను,” అన్నాడు.

బండెక్కితే అతని వీపు తప్ప ఏం కనపడుతుంది? దారంతా అతని ప్రశ్నలు.

అత్తగారు చిట్టెమ్మగారు హాల్లోంచి లేచొచ్చారు. “బస్సు ఆగిపోయుంటుందిరా. కంగారులో ఏదో అంటోంది. అంతేనా అమ్మాయ్?” అని నావైపు చూశారు. ఊఁ అను, అన్నట్టుంది ఆ చూపు. కాపరానికొచ్చినప్పట్నుంచీ ఇలాంటి మాటలతోనే ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి. నన్ను కాపాడాలనే అన్నారు. లోకనాథ్ మొహం కూడా కాస్త తేటపడింది.

“అంతేనా?” అన్నాడు.

అవునంటే చాలు. బస్సు నాకు ఉంటుంది, కిటికీ ఉంటుంది, ఇప్పుడు అందరం కూచుని అన్నాలు తింటాం. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అవునంటే ఆ వంతెన మీద నేను నిలబడనట్టే. రేపు కిటికీలోంచి చూసేది కూడా అతను చూడనిచ్చిందే అవుతుంది. స్టవ్ కట్టేశాను.

“లేదండి, బస్సు బాగానే ఉంది. చూడాలనిపించి దిగాను,” అన్నాను. “రేపు మీ బండి మీంచైనా దిగుతాను.”