ఫైనల్‌కు రాని ఆటగాడు

నిస్సీ తిరుపతిలో ఒక చిన్న రేడియో స్టేషన్‌లో పనిచేసేది. ‘మా ఊరి ఆటలు’ అనే కార్యక్రమం కోసం ముసలివాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడం ఆమె పని. అరవై ఏళ్ల కిందట చెడుగుడు కప్పు గెలిచిన జట్టులో ఇద్దరు ఐరాల దగ్గర ఇంకా ఉన్నారని విని, వెతుక్కుంటూ వెళ్లింది.

కెప్టెన్ దేవరాజులు ఇంటి వసారాలో గంటసేపు ఆయనే మాట్లాడాడు. రెండో ఆయన, వరదయ్య, తల వంచుకుని కూర్చున్నాడు.

“మీరూ చెప్పండి తాతా. ఫైనల్లో ఎవరు బాగా ఆడారు?” నిస్సీ మైకు ఆయన వైపు జరిపింది.

“బాగా ఆడేవోడు గోవిందస్వామి. అవతలి జట్టోడు. ఆ పొద్దు ఆటకు రాలేదు. వాడొచ్చుంటే మాకు కప్పు యాడిది?”

“బాయిలో జారిపడి సచ్చినోడి మాట ఇప్పుడెందుకురా?” అన్నాడు దేవరాజులు నెమ్మదిగా.

“జారిపడలేదు దేవరాజా. నువ్వు పిల్చకరమ్మంటే వాణ్ని బాయికాడికి నేనే పిల్చకొచ్చినాను. ఆడ నువ్వూ మీ అన్నా ఉండారు.”

దేవరాజులు కేక వేయలేదు. మనవళ్ల వైపు చూశాడంతే. ఒకడు లేచి వెళ్లి గేటుకు గడియ పెట్టాడు. ఇంకొకడు చెయ్యి చాపాడు. నిస్సీ రికార్డర్‌లోంచి మెమరీ కార్డు తీసి ఇచ్చింది.

“ఎండగా ఉండాది. జాగ్రత్తగా పోమ్మా,” అన్నాడు దేవరాజులు. “నువ్వుండు వరదా. నీతో మాట్లాడేది ఉండాది.”

ఆ ముసలాయన్ని అక్కడ వదిలి వచ్చినందుకు ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దేవరాజులు ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

మూడో రోజు పొద్దున వరదయ్య స్టేషన్ మెట్లెక్కి వచ్చాడు. పెదవి చిట్లి ఉంది. పక్కన ఒక ముసలామె.

“ఈమె గంగులమ్మ. గోవిందస్వామి చెల్లెలు. ఈమెకు సెప్పకుండా రేడియోలో సెప్పకూడదని బస్సులో అంతా సెప్పినాను.”

“మళ్లీ ఊరికెట్లా పోతారు తాతా?”

“అది తర్వాత. మిషను పెట్టమ్మా.”

నిస్సీ రికార్డింగ్ మొదలుపెట్టింది. వరదయ్య నోరు తెరిచేలోపే గంగులమ్మ అడిగింది. “మా అన్నకు ఈత రాదు. బాయిలోకి దిగేముందు నిన్నేమైనా అడిగినాడా?”

వరదయ్య మైకు వదిలి ఆమె వైపు తిరిగాడు.

“‘లోతుండాదా అబ్బా?’ అని అడిగినాడు. మోకాటి లోతేనని సెప్పినాను.”

గంగులమ్మ కళ్లు మూసుకుంది. నిస్సీ మిషన్ ఆపబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉండనీ పాపా. అంతా సెప్పనీ.”