సమీవుల్లా ఓడిన కార్డు

పొద్దున్నే కుట్టుమిషను మీద గుడ్డ తీసి, ఒక చుక్క నూనె పోసి, ఆ తర్వాత బిస్కెట్ల రేకుడబ్బా తెరిచి గడప పక్కన పెట్టడం రుహీకి అలవాటు. రేణిగుంటలో స్టేషను వెనకాల వీధి అది. శ్రీసిటీకి పోయే కంపెనీ బస్సులు కొడుకుల్ని ఎక్కించుకుని కదలగానే, తల్లులు పాలపాకెట్లు చేతపట్టుకుని ఆ గడప దగ్గర కాసేపు నిలబడి పోతారు.

డబ్బాలో ఉండేవి క్రికెట్ కార్డులు. బబుల్‌గం కొంటే లోపల వచ్చేవి. రుహీ అన్న సమీవుల్లా చిన్నప్పుడు వీధి పిల్లలందరి దగ్గరా గెలుచుకున్నాడు. చెరొక కార్డు బొమ్మ పైకి పెట్టి ఒకేసారి తిప్పేవాళ్లు. వెనక అచ్చేసిన పరుగులు ఎవరికి తక్కువుంటే వాడు నోరు తెరిచి "ఓడినాను" అని చెప్పి కార్డు ఇచ్చేయాల. అట్లా ఓడి ఇచ్చిన కార్డులోని ఆటగాడు, ఇచ్చినవాడు బతికున్నన్నాళ్లూ బొమ్మలో ఉంటాడు. వాడు పోయిన పొద్దు బొమ్మలో పచ్చికా, మూడు వికెట్లూ మిగుల్తాయి. ఊరికే ఇచ్చిన కార్డుకు ఆ గుణం ఉండదు. ఇదంతా వీధిలో తెలియనివాళ్లు లేరు.

"మావోడు ఎట్లుండాడు పాపా?" అని ఆ పొద్దు నాగులమ్మ అడిగింది. ఆమె కొడుకు మునిశేఖర్ కువైట్‌లో డ్రైవరు.

రుహీ కార్డు ఏరి చూసింది. "ఉండాడు గానీ అత్తా, వీపు చూపిస్తా ఉండాడు."

"గడ్డం పెంచినాడని నిన్న ఫోన్లో తిట్టినాలే. అలిగినాడు. వాళ్ల నాయనా అంతే, అలిగితే గోడ పక్కకు తిరిగి పండుకుంటాడు. రెండు దినాలకు వాడే తిరుగుతాడు." నాగులమ్మ నవ్వుకుంటా పోయింది.

కరోనా రెండో ఏడు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ ఎండాకాలం వరసగా కార్డులు ఖాళీ అయినాయి. పాల్ వాళ్లమ్మ, ఉత్త పచ్చిక మిగిలిన కొడుకు కార్డును తీసుకుపోయి దేవుడి పటం వెనక పెట్టుకుంది. ఆ ఏడే సమీవుల్లా చెన్నైకి లోడు తోలుకుపోయి తిరిగి రాలేదు. లారీ చెన్నై శివారు మాధవరంలో రోడ్డు పక్కన దొరికింది. తాళంచెవి దానికే వేలాడతా ఉండింది. ఊరందరి కార్డులూ గెలిచినవాడు తన కార్డు ఒక్కటీ ఎవరికీ ఓడలేదనే ఇంట్లోవాళ్లు అనుకున్నారు. వాడి సంగతి చెప్పే కార్డు ఆ డబ్బాలో లేదు. వాళ్లమ్మ సుభాన్‌బీ ఇప్పటికీ పూటపూటా వాడికి తినే తట్ట వేసి, అన్నం పెట్టి, మూత పెట్టి, మళ్లీ తీస్తా ఉంది.

నాగులమ్మ వచ్చిపోయిన దినమే మధ్యాహ్నం ధరణి వచ్చింది. పూతలపట్టు పక్క పల్లెలో సేద్యం చేసే గంగాధరం కూతురు. ఈ వీధిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేటప్పుడు రుహీ పక్క బెంచీలో కూర్చునేది. చేతిలో గుడ్డసంచి, మెడలో నల్లదారం, దానికి కుట్టేసిన చిన్న గుడ్డపొట్లం.

"మీ అన్న నాకు ఒక కార్డు ఓడినాడు రుహీ," అనింది.

రుహీ కాలు మిషను తొక్కు మీదే ఆగిపోయింది.

"బడి గోడ దగ్గర. నా దగ్గర ఉండిందే ఒక్క కార్డు, అదీ పనికిమాలింది. తిప్పినాము. ఆయన తన అంకె మీద బొటనవేలు పెట్టేసి ఓడినాను అన్నాడు. వేలు పక్క నుంచి సగం అంకె కనబడతానే ఉండింది. నాదానికంటే ఎంత పెద్దదో."

"సూసినావా, ఉండాడా?"

"లారీ దొరికిందన్న పొద్దే గుడ్డలో పెట్టి కుట్టేసినా. సూసే ధైర్యం యాడిది? ఇప్పుడు మా నాయన నాకు లగ్నం పెట్టినాడు. మీ అన్న ఉండాడనుకో, ఈ పెండ్లి వద్దని ఇంట్లో చెప్పేస్తా, కొట్టినా సరే. లేడనుకో, ఈడ మీ దగ్గర ఏడ్చి పోతా. ఏదో ఒకటి తెలియాల గదా."

వంటింట్లోంచి సుభాన్‌బీ చెయ్యి తుడుచుకుంటా వచ్చి నిలబడింది. ఎంతసేపటి నుంచి వింటా ఉందో. "ఇప్పు," అనింది.

రుహీ బ్లేడుతో కుట్లు తెంపింది. పొట్లం తెరవగానే బబుల్‌గం వాసన వచ్చింది, అన్న స్కూలు చొక్కా జేబు వాసన. రుహీకి పచ్చిక కనిపించింది. మూడు వికెట్లు కనిపించినాయి. ధరణి కళ్లు మూసుకునే ఉంది.

సుభాన్‌బీ కార్డు అందుకుని గడప దాకా పోయి, సూదిలో దారం ఎక్కించేటప్పటి మాదిరి చెయ్యి చాపి వెలుతుర్లో పట్టుకుంది.

"ఉండాడు."

"యాడమ్మీ?" అని రుహీ గడప దగ్గరకు పోయింది.

"అదో, ఆ కొసన."

మైదానం అవతల, బౌండరీ తాడు దగ్గర, బియ్యపు గింజంత మనిషి. బ్యాటు చంకలో పెట్టుకున్నాడు. వీపు ఇటు.

"అలిగినాడేమో అమ్మీ," అనింది రుహీ. "తిరుగుతాడేమో."

"అలిగినోడు నిలబడి ఉంటాడు మే. వీడు నడిచి పోతా ఉండాడు."

సుభాన్‌బీ కార్డు ధరణి చేతిలో పెట్టి లోపలికి పోయింది. మూత పెట్టిన తట్టలోని అన్నం కుండలోకి తిరిగి పడిన చప్పుడు వినిపించింది. తర్వాత తట్ట కడిగి, గూట్లో మిగతా తట్టల మీద బోర్లించిన చప్పుడు.

ధరణి చాలాసేపు చూసింది. ఇంటి నుంచి రెండు మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది పాపం, రెండూ అక్కరకు రాలేదు. బౌండరీ దగ్గర మనిషి ఒక్కసారీ తల తిప్పలేదు. చూస్తా చూస్తా ఆమె కార్డును రేకుడబ్బాలో వేసి మూత నొక్కింది. సంచిలోంచి ఎర్రపట్టు గుడ్డ తీసి మిషను మీద పెట్టింది.

"జాకెట్టు కుట్టాల. కొలతలు తీసుకో," అని చేతులు చాపి నిలబడింది.

రుహీ టేపు తీసుకుని భుజం కొలిచింది. మెడ దగ్గరకు వచ్చేసరికి, ఇన్నేళ్లూ దారం ఒరుసుకున్న చోట సన్నటి నల్లగీత కనిపించింది.

"ఇది కనపడకుండా మెడ పైకి పెట్టమంటావా?" అని మెల్లగా అడిగింది.

"పైకే పెట్టు," అనింది ధరణి.