పీకేసిన మొలకలు

ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారికి ఒకే ఒక్క కోరిక మిగిలిపోయింది. కాలేజీలో ఎండు మొక్కలు భద్రపరిచే గదిలో, ఒక్క కాగితం మీదైనా 'సేకరించినవారు' అన్నచోట తన పేరుండాలి.

ఓ రోజు రైలు కట్ట పక్కన గులాబీరంగు కుచ్చులతో ఊగుతున్న గడ్డి కనిపించింది. పేరేమిటో ఆయనకే తెలియలేదు. గుప్పెడు గింజలు తెచ్చుకున్నాడు. వారం తిరక్కుండా అక్కడ యంత్రం పెట్టి నేలంతా చదును చేసేశారు. ఇక ఆ గడ్డి ఉంటే గింటే ఆయన డాబా మీదే ఉండాలి.

గింజలన్నీ చల్లిన ట్రేలో రెండు రకాల మొలకలొచ్చాయి. ఒకటి గింజలది, రెండోది ఎరువుతో వచ్చిన కలుపు. "పూత చూడందే గడ్డి పేరు చెప్పకండి" అని ముప్పై బ్యాచ్‌లకు నూరిపోసిన మనిషి, రెండాకులు చూసి తీర్పిచ్చేశాడు. పీలగా ఉన్నవన్నీ కలుపేనని పీకి కిందికి విసిరాడు.

"అవీ కాస్త పెరగనివ్వండి," అంది భార్య.

"మొక్కల సంగతి నాకు చెబుతావా?" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!

మిగిలినవాటికి ఎండకు గొడుగు, వానకు గొడుగు. ఆ గొడుగు భార్యది. ఆవిడ తడుసుకుంటూ బజారుకు వెళ్లేది.

మోకాలెత్తు పెరిగాయో లేదో, కాలేజీలో ఆ ఎండు మొక్కల గది చూసుకునే పాత శిష్యురాల్ని పిలిపించాడు. ఆమె ఆకు కాండాన్ని కలిసేచోట వంచి, భూతద్దం పెట్టి చూసింది. మళ్లీ చూసింది.

"సార్... మామూలుగా గడ్డికి ఇక్కడ సన్నటి పొర ఉండాలి, దీనికి లేదండి. పొర లేకపోతే ఏ గడ్డో మీరే నేర్పారు."

"ఊద," అన్నాడు మాస్టారు. పొలాల్లో పీకి పారేసే ఊద! దానికి ఇన్నాళ్లూ గొడుగు పట్టాడు. సిగ్గుతో పాటు ఏడుపూ వచ్చింది. ఆ గింజలు ఇక ఎక్కడా లేవు.

"ఏవండీ," భార్య మెల్లగా అంది. "మీరు విసిరేసినవి ప్రాణం ఒప్పక, బట్టలుతికే చోట పగిలిన బకెట్లో నాటాను. చెబితే మళ్లీ పీకుతారని చెప్పలేదు."

బకెట్లో గులాబీ కుచ్చులు అప్పుడే విచ్చుకుంటున్నాయి. శిష్యురాలు భూతద్దం పెట్టింది. "పొర ఉంది సార్! మన గదిలో ఇలాంటిది లేనేలేదు." కాగితం తీసింది. "సేకరించినవారు... మీ పేరేగా?"

మాస్టారికి అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆవిడ పేరు రాయమ్మా," అన్నాడు. "పీకినవారు అని గడి ఉంటే, అందులో నాది రాయి."

భార్య కళ్లజోడు తెచ్చుకుని, తన పేరు తప్పుల్లేకుండా ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది.

"ఇక నా గొడుగు నాకిచ్చేయండి," అంది.