హులియ కుడికాలు

మా ముధోళ వైపు వేటకుక్క పిల్లలకు నాలుగు నెలలకే కాళ్ళు కర్రల్లా సాగుతాయి. మా హులియకు మూడే సాగాయి. ముందరి కుడికాలు మణికట్టు దగ్గర వంగి, పాదం పక్కకు తిరగడం మొదలుపెట్టింది. పరుగెత్తలేని వేటకుక్కను ఇక్కడ ఎవరూ కుక్క అనరు. గుడ్లు పెట్టాను, రాగిజావ పోశాను, మేక ఎముకలు ఉడికించిన నీళ్ళు పట్టాను. పొట్ట పెరిగింది. కాలు వంగుతూనే ఉంది.

ఆవులకు టీకాలు వెయ్యడానికి పశువుల డాక్టరమ్మ శకుంతల ఊళ్ళోకి వస్తే చూపించాను. ఆమె రెండు ముందుకాళ్ళూ పట్టుకుని చూసింది. ఊళ్ళో అందరిలాగే నన్ను అజ్జా అని, అంటే తాతా అని పిలుస్తుంది.

"కుడిది చల్లగా ఉందేంటి అజ్జా? ఈ దారం ఎవరు కట్టారు?"

మణికట్టు పైన పసుపు దారం చర్మంలోకి దిగిపోయి ఉంది. నాకూ కనిపిస్తూనే ఉంది గానీ దేవుడి దారాన్ని ఎవడు అనుమానిస్తాడు.

"మైలారుడి దారమమ్మా. దిష్టి తగలకుండా జాతర నుంచి తెచ్చి కట్టారు. అప్పుడు వీడు పిడికెడు ఉండేవాడు."

"వీడు పెరిగాడు. దారం పెరుగుతుందా?"

"రోజూ గుడ్లు పెడుతున్నానమ్మా."

"పెడితే? నెత్తురే కదా మోసుకెళ్ళాలి. ఈ కాల్లో రెండు ఎముకలు. వాటి చివర మెత్తటి చోటుంది, పెరుగుదలంతా అక్కడే. అక్కడికి నెత్తురు సరిగ్గా అందకపోతే ఒకటి వెనకపడుతుంది, రెండోది పెరిగి కాలిని విల్లులా వంచేస్తుంది."

ఆమె కత్తెర తీసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. మైలారుడి దారం కట్టిన చెయ్యే తియ్యాలి. ఇంకో చెయ్యి పడితే కుక్కకు కీడు.

"అయితే ఆ చేతినే తీసుకురా. ఆ మెత్తటి చోటు చచ్చిపోయాక నేను కూడా ఏమీ చెయ్యలేను."

ఆ చెయ్యి పక్కింటి నీలవ్వది. నా భార్య చెల్లెలు. దారం కట్టిన నెలకు, నా భార్య దినాల నాడు పదిమందిలో, "మా అక్క కంటే కుక్కల్నే బాగా చూసుకున్నాడు" అంది. అబద్ధం. ఆనాటి నుంచి ఆమెతో మాట్లాడలేదు. హులియకు ఆ సంగతి తెలియదు కాబట్టి రోజూ గోడ కంతలోంచి దూరి ఆమె రొట్టెలు తినివచ్చేవాడు.

మేం వెళ్ళేసరికి నీలవ్వ జొన్నరొట్టె తడుతోంది. డాక్టరమ్మ సంగతంతా చెప్పింది. నీలవ్వ మొహం పాలిపోయింది. కానీ నన్ను చూసి మళ్ళీ బిగించింది.

నేను కుక్కతో అన్నాను. "హులియా, కట్టినవాళ్ళను తియ్యమను."

"హులియా, మీ అజ్జకు నోరుంటే నన్నే అడగమను."

"నోరు నీ కోసం కాదని చెప్పరా."

"మీ ఇద్దరికీ దండం," అంది డాక్టరమ్మ. "కుక్కకు మాటలొచ్చేలోపు కాలు పోతుంది."

హులియ ఆ కాలు ఎత్తి పట్టుకుని నా వైపు చూస్తున్నాడు.

"నీలవ్వా, తియ్యి."

"సరిగ్గా వినపడలేదు బావా."

"చెవుల్లో పిండి పోయిందా? తియ్యవే."

"ఇదీ మా బావ గొంతు," అని చేతులు కడుక్కుని వచ్చింది. ముడి విప్పడానికి వేళ్ళు పట్టలేదు. డాక్టరమ్మ ఆమె చేతికి కత్తెర ఇచ్చి, పైన తన చెయ్యి వేసి నడిపించింది. దారం తెగగానే హులియ నీలవ్వ బొటనవేలు కొరికాడు.

"మీ ఇంటి విశ్వాసం," అంది నీలవ్వ.

"అడిగి కొరకాలా?" అన్నాను.

హులియ కాలి పుండు మానడానికి నెల పట్టింది. వానలు తగ్గాక డాక్టరమ్మ వచ్చి రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎముక మళ్ళీ సాగిందట. పాదం మాత్రం కొంచెం బయటికి తిరిగే ఉంది, అది అలాగే ఉంటుందట.

ఊళ్ళోని మిగతా వేటకుక్కలతో కలిపి హులియను కోసిన జొన్నచేలో వదిలాం. ఆ కాలు పక్కకు విసురుకుంటూ, దుమ్ము లేపుకుంటూ గట్టు దాకా పోయాడు. మిగతా కుక్కల్లో రెండు వాడి వెనకే ఉన్నాయి.

"మూడోవాడు కదా బావా?" అంది నీలవ్వ.

"రెండోవాడు. కళ్ళు కూడా పోయాయా నీకు?"

ఆమె అన్న మాటను నేను క్షమించలేదు. తగాదా పడుతూ ఇంటిదాకా నడిచాం.