కొబ్బరిచిప్ప కింద ఐదు గుడ్లు

కాలేజీ జువాలజీ ల్యాబులో మోకాలి లోతు నీళ్లున్నాయి, అయినా బల్లలు తడవడం లేదు. ల్యాబు అటెండరు సూరపునాయుడు పోయి పదకొండు నెలలైందని నాకు తెలుసు, అయినా అతను ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చుని కొబ్బరిచిప్ప అంచును ఆకురాయితో అరగదీస్తున్నాడు. చిప్పను బోర్లించి చిన్న వాకిలి కోస్తే నీలం కప్పలు దాని కింద గుడ్లు పెడతాయని కనిపెట్టింది అతనే. అడవిలో అవి విషం కప్పలు. మా గాజుపెట్టెలో పండు ఈగలు తిని పెరిగిన వాటికి ఆ విషం ఉండదు. "రంగు మాత్రం ఒదల్లేదు సూడండి, పొగరు" అనేవాడు. ఇప్పుడూ అదే అని నవ్వుతున్నాడు.

నా చేతిలో చెంచా ఉంది. ఆరేళ్లుగా నా పద్ధతి ఇదే: పెట్టిన రోజే గుడ్లను చెంచాతో తీసి వేరే గిన్నెలో ఉంచడం, గంటకోసారి మూత తెరిచి చూడడం. ఆరేళ్లూ అవి తెల్లగా బూజు పట్టాయి. ఈసారి నేను జ్వరంతో పడుకున్నందువల్ల పదమూడు రోజులుగా ఐదు గుడ్లూ చిప్ప కిందే ఉండిపోయాయని, ఆడకప్ప ముసలిదైందని, ఇవీ పోతే గది మూసేస్తామని ప్రిన్సిపాల్ అన్నాడని, ఇవాళ తీసేద్దామని వచ్చానని అతనికి చెబుతూ ఉంటాను, చెబుతుండగానే గోడలు పల్చబడి ల్యాబు విజయనగరం బస్టాండవుతుంది, నీళ్లు మాత్రం అలాగే ఉంటాయి, బస్సులు వాటి మీద చప్పుడు లేకుండా తేలుతూ పోతుంటాయి.

ఇంకొకటి చెప్పాలి. మూడో ఏడు గుడ్లన్నీ ఒక్క రాత్రిలో చచ్చిపోయినప్పుడు, గిన్నె సరిగా కడగలేదని అతని మీద రాసిచ్చాను, అతన్ని ఏడాది పాటు కెమిస్ట్రీకి పంపేశారు. ఆ గిన్నె కడిగింది నేను. సబ్బుతో. ఆ మాట అతను బతికుండగా నా గొంతు దాటలేదు, ఇప్పుడు మాత్రం నీళ్లలాగా తేలిగ్గా వచ్చేస్తుంది.

"తెలుసు మేడంగారూ" అంటాడు ఆకురాయి ఆపకుండా. "ఆ రోజు మీ సేతులు నిమ్మకాయ సబ్బు వాసనొచ్చేయి."

"మరి ప్రిన్సిపాల్‌కి ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే మీరు కప్పల్ని ఒగ్గీసేవోరు."

అతను చెంచా వైపు చూస్తాడు. "గుడ్లకి అమ్మా అయ్యా ఆ మగ కప్పే కదండి. తడిపేది ఆ మగోడే, పిల్లల్ని మోసేది ఆ మగోడే. మద్దిన మీరెందుకు?"

నీళ్లు నడుము దాకా వస్తాయి. అతను లేచి, ఖాకీ చొక్కా వీపు నాకు చూపించి వంగుతాడు. "ఎక్కండి."

అతను నాకంటే పొట్టివాడు, పైగా చచ్చిపోయినవాడు, నేను లెక్చరర్ని, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని తటపటాయిస్తూనే ఎక్కుతాను, ఎక్కగానే నా బరువు మిరియపు గింజంత అవుతుంది, అతను తొందరపడకుండా నీళ్లలోకి నడుస్తుంటాడు, నా చెంప అతని వీపుకి ఆని ఉంటుంది, ఎక్కడికని అడగాలని కూడా అనిపించదు.

"జారకండి. దిగాల్సిన సోట నాను సెప్తాను."

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నపు వెలుగు, గాజుపెట్టె ముందు కుర్చీ. చెంచా ఒళ్లో ఉంది, ఇంకా పొడిగానే. మెడ పట్టేసింది.

చిప్ప వాకిలిలోంచి మగకప్ప బయటికి వస్తోంది. దాని నీలం వీపు మీద నల్లగా, తోకతో సహా, పిల్ల ఒకటి అతుక్కుని ఉంది. కప్ప నా వైపు చూడలేదు. నాచు మీదుగా నడిచి, నీళ్ల మూకుడులోకి దిగి, కదలకుండా కూర్చుంది. చాలాసేపు. తర్వాత ఆ నల్లటిది వీపు మీంచి జారి, సొంతంగా ఈదింది.

నేను లేచి నిలబడి, ఎవరూ లేని ఆ గదిలో చప్పట్లు కొట్టాను. కప్ప బెదరలేదు. నీళ్లలోంచి ఎక్కి, వచ్చిన దారినే చిప్ప కిందికి వెళ్లింది, రెండోదాని కోసం.