కట్టుకున్నోళ్ల కథ

హర్షిణి ఉద్యోగమే కథలు చెప్పడం. అంటే మనమనుకునే కథలు కాదు. సబ్బులకూ, బిస్కట్లకూ, మోకాళ్ల నొప్పుల నూనెకూ కథలు. హైదరాబాద్ కంపెనీ అడిగినదల్లా సిద్దిపేటలో తన ఇంట్లో కూర్చునే రాసి పంపేది. ఆమె పైఅధికారి రత్నాకర్‌కు ఒకటే మంత్రం. "సరుకు గురించి చెప్తే ఎవరూ వినరమ్మా. దాని వెనకున్న మనిషి కష్టం చెప్పు. కళ్లు తడిస్తే కొంటారు." నూనె దగ్గర ఆ మంత్రం బాగానే పారింది. నూనె నోరు తెరిచి నాకేం కష్టమని అడగదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

ఈసారి అమ్ముడుపోవలసినవి తండ్రి నేసిన చీరలు. ఉప్పలయ్య ముప్పై ఏళ్లుగా గొల్లభామ చీరలు నేస్తున్నాడు. తలమీద కుండతో నడిచే ఆ బొమ్మను కళ్లు మూసుకునైనా నేయగలడు. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోగా, చప్పుడు మిగిలింది వాళ్ల ఇంట్లోనే. పది చీరలు మడత విప్పకుండా పెట్టెలో ఉన్నాయి. ముంబై దగ్గర భివండిలో పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసే బావమరిది రాజేంద్రప్రసాద్ రోజూ ఫోన్ చేసి అక్కడ పనికి రమ్మంటున్నాడు. "ఉగాది దాక చూస్త. గియ్యి అమ్ముడువోకుంటే వస్త" అని ఉప్పలయ్య మాటిచ్చేశాడు. ఉగాది ఇంకా నెలరోజులుంది. తండ్రి లేని ఇంటిని హర్షిణి ఊహించుకోలేకపోయేది.

మూడు రోజులు ఫోన్ కెమెరా పట్టుకుని ఆయన వెంట తిరిగింది.

"బాపూ, నీ కష్టం చెప్పు."

"ఏం కష్టం బిడ్డా? నేస్తున్న గదా."

"గట్ల కాదు. నేస్తుంటే లోపల ఏమనిపిస్తది?"

ఉప్పలయ్య బాగా ఆలోచించి చెప్పాడు. "నడుము నొస్తది."

ఇక లాభం లేదని తనే రాసుకుంది. తండ్రి చేతుల ఫొటో తీసి, ముడతలు బాగా కనిపించేలా దిద్ది, దాని కింద 'ఆకలి నేసిన చీర' అని రాసి నెట్‌లో పెట్టింది. ఒక్కరోజులో వెయ్యిమంది ఏడుపు బొమ్మలు నొక్కారు. ఒక పెద్దమనిషి బియ్యం బస్తా పంపుతాను, అడ్రసు చెప్పమన్నాడు. చీర కావాలని మాత్రం ఒక్కరూ అడగలేదు.

టీ హోటల్లో ఎవరో ఆ పోస్టు ఉప్పలయ్యకు చదివి వినిపించారు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"ఆకలి అని రాసినవట. ఎన్నడన్న ఆకలితోని పండుకున్నవా బిడ్డా నువ్వు? నేను నేసేటోన్ని. నన్ను అడుక్కునేటోన్ని చేసినవ్."

హర్షిణి అప్పటికప్పుడే ఆ పోస్టు తీసేసింది. సిగ్గుతో రెండు రోజులు తండ్రి ఎదుట పడలేకపోయింది. కోపం మాత్రం తన మీద కంటే రత్నాకర్ మీదే ఎక్కువ వచ్చిందంటే, అది మనిషి స్వభావం, ఏం చేస్తాం.

మూడో రోజు మధ్యాహ్నం సారయ్య వచ్చాడు. నేతవాళ్ల కులకథ చెప్పేది ఆయన. నిలువెత్తు గుడ్డ మీద బొమ్మలు గీసిన పటం భుజాన వేసుకుని, ఏడాదికోసారి నేతవాళ్ల వాడలన్నీ తిరుగుతాడు. ఒకప్పుడు వాడ వాడంతా వారం రోజులు ఆయన్ను ఉంచుకుని వినేది. ఇప్పుడు ఉప్పలయ్య వాకిట్లో చేరింది ఎనిమిదిమంది. వాళ్లలో నలుగురి చూపు ఫోన్ల మీదే. హర్షిణి తల్లి కొండవ్వ గోడవారన రాట్నం తిప్పుతూ నూలు కండెలు చుడుతోంది, ఆమెకు వినడానికైనా చేతులు ఖాళీ ఉండవు.

సారయ్య పటం విప్పి కర్రతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ పాడాడు. మొదటి నేతగాడు దేవతలకు బట్ట నేసి ఇచ్చే బొమ్మ దగ్గరికి వచ్చి టక్కున ఆగాడు. కర్ర అక్కడే ఉంచి ఉప్పలయ్య వైపు తిరిగాడు.

"ఆయన నేసింది దేవుళ్లు కట్టిన్రు. మరి నువ్వు నేసింది ఎవరు కట్టిన్రు? చెప్పు ఉప్పలయ్యా. నువ్వు చెప్తెనే నా పటం ముందటికి జరుగుతది."

ఉప్పలయ్య నవ్వి తల గోక్కున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"ఆకుపచ్చది విజయమ్మ టీచర్ కట్టింది. మనుమరాలికి అక్షరాభ్యాసమని వర్గల్ గుడికి కట్టుకపోయింది. ఆ పిల్ల పలక వట్టక ఆమె కొంగే వట్టుకొని ఏడ్సిందట. పంతులు ఎంత గుంజినా ఇడువలేదట!"

"ఊఁ" అన్నాడు సారయ్య.

"ఎర్రంచుది రాయపోల్ వెంకటనర్సయ్య కొన్నడు. పత్తి అమ్మి సక్కగ నా తాన్కే వచ్చిండు. పెండ్లాం కోపం మీద ఉన్నదంట. చీర ఇచ్చినంక మాట్లాడిందా లేదా అని నాకు గిప్పటిదాక తెల్వదు."

వాకిలంతా గొల్లున నవ్వింది. ఫోన్లు పక్కకు పోయాయి. మూడు రోజులు కెమెరా ముందు నడుము నొప్పి తప్ప మరొకటి చెప్పని మనిషి అరగంట ఆగకుండా చెప్పాడు. తన గురించి ఒక్క ముక్క లేదు, అన్నీ కట్టుకున్నవాళ్ల ముచ్చట్లే. హర్షిణి నోరు తెరుచుకుని వింది. మధ్యలో కొండవ్వ రాట్నం ఆపి, మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. హర్షిణి అది చూసింది గానీ పట్టించుకోలేదు.

సారయ్య పటం చుట్టుకుంటుంటే దగ్గరికి వెళ్లి అడిగింది. "తాతా, నీ కష్టం నువ్వెందుకు చెప్పుకోవు?"

"నా బాధ చెప్తే గింజలేసి పొమ్మంటరు బిడ్డా. వాళ్ల ముచ్చట చెప్తే చాపేసి కూసోమంటరు."

మర్నాడు హర్షిణి చేతుల ఫొటో పెట్టలేదు. ఆకుపచ్చ చీర ఒకటి విప్పి ఫొటో తీసి, వర్గల్ గుడి ముచ్చట నాలుగు మాటల్లో రాసి, చివర ఒక ప్రశ్న వేసింది. 'విజయమ్మ టీచర్ గారూ, కొంగు వదలని ఆ పాప ఇప్పుడు ఏ తరగతి?'

మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నాలుగో రోజు ఆ పాప తల్లి దాని కిందే ఒక ఫొటో పెట్టింది. చీర చినిగితే బొంత కుట్టించారట. ఐదో తరగతికొచ్చిన ఆ పిల్ల దానిమీద ముడుచుకుని పడుకుని ఉంది. ఉప్పలయ్య ఫోన్ తీసుకుని రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు. పిల్లను చూడలేదు, బొంతలోని చీర అంచు చూశాడు.

"రంగు వోలేదు సూడు బిడ్డా" అన్నాడు.

ఆ ఫొటో కింద జనం రాయడం మొదలుపెట్టారు. మా అమ్మకు ఇలాంటిది ఉండేదని ఒకరు, అక్క పెళ్లినాడు కట్టిందని ఇంకొకరు. రాసినవాళ్లలోంచే అడిగేవాళ్లూ వచ్చారు. వారం తిరగకముందే పది చీరలూ వెళ్లిపోయాయి. ఇంకో ఆరుగురు నేసి పెట్టమన్నారు. రత్నాకర్ ఫోన్ చేసి ఇదేం టెక్నిక్ అని అడిగితే, "ఏం లేదు సార్, నేను చెప్పుడు బంద్ జేసి అడిగిన" అంది హర్షిణి.

ఆ సాయంత్రం తల్లి పక్కన కూర్చుని అన్నీ చదివి వినిపించింది. కొండవ్వ రాట్నం తిప్పుతూనే వింది.

"మంచిగున్నయి. అందరినీ అడిగినవ్" అంది. "నన్నెవ్వరు అడుగలే."

హర్షిణి నవ్వింది. "సరేనే అవ్వా, చెప్పు. నువ్వు ఏ చీర కట్టినవ్?"

"ఒక్కటి గూడ కట్టలే."

ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నట్టే చెప్పింది. "పెండ్లయిన కొత్తల నాకని ఒకటి నేసిండు మీ బాపు. మడత ఇప్పకముందే గిరాకి వచ్చింది. ఇచ్చేసినం."

ఉప్పలయ్య నేసిన ప్రతి చీరకూ కండె చుట్టింది కొండవ్వే. ఇప్పుడు ఒంటిమీదున్నది బజారులో కొన్న మిల్లు చీర. రోజూ కళ్లెదుటే ఉన్న ఆ చీరను హర్షిణి మొదటిసారి చూసింది, ఏడుపొచ్చింది. లోపలి గదిలో మగ్గం చప్పుడు ఆగిపోయింది.

ఉగాది పొద్దున రాజేంద్రప్రసాద్ ఫోన్ చేశాడు. ఉప్పలయ్య మగ్గం దగ్గరే కూర్చుని మాట్లాడాడు.

"బావా, టికెట్ తియ్యాల్నా?"

"ఇప్పుడే వద్దు రాజేంద్రా. కొత్త పడుగు ఎక్కిచ్చిన. మగ్గం మీద చీర ఉన్నది. అదైనంక ఇంకో ఆరు ఉన్నయి."

"మగ్గం మీదిది ఎవరిది?"

"మీ అక్కది."

రాజేంద్రప్రసాద్ నెమ్మదిగా అడిగాడు. "ఏ రంగు?"

"గది ఆమెనే అడుగు" అని ఉప్పలయ్య ఫోన్‌ను కొండవ్వ చేతికిచ్చాడు.