వెర్లీన్ ఎంచుకున్న కర్ర

పోయిన అక్టోబరులో వెర్లీన్ టాకెట్ గాలానికి పడ్డ బాస్ చేప ఒకటి తప్పించుకుపోయింది. గంటర్స్‌విల్ జలాశయంలో చేపలు తప్పించుకోవడం వింతేమీ కాదు. కానీ ఆమె మరిది డ్వైట్ ఈ సంగతిని చర్చి మెట్ల మీదా, పొద్దుటి బిస్కెట్లూ గ్రేవీ ఫలహారం బల్ల దగ్గరా, కనబడ్డ ప్రతివాడికీ అభినయించి మరీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ చేప ఒక పౌను పెరిగేది, వెర్లీన్ ఒక అంగుళం తగ్గేది.

జరిగింది ఇంతే. ఆమె నాచులోకి జిగ్ వేసింది. జిగ్ అంటే సీసపు తల, రబ్బరు కుచ్చు, లావుపాటి ముల్లు ఉన్న గాలం. చేప అందుకుంది. వెర్లీన్ బలంకొద్దీ వెనక్కి లాగింది. గాలం కర్ర పచ్చి బరికెలా వంగిపోయింది గానీ ముల్లు దవడలో దిగలేదు. చేప పడవ దాకా వచ్చి, తీరిగ్గా నోరు తెరిచి, జిగ్‌ని ఉమ్మేసి వెళ్ళిపోయింది.

"ఆ చేత్తో అంతకన్నా ఏం పడతావులే వదినా," అన్నాడు డ్వైట్.

ఆ చెయ్యి ఎడమ చెయ్యి. పదిహేడేళ్ళ కిందట మేజోళ్ళ మిల్లులో అల్లిక యంత్రం చూపుడు వేలినీ మధ్య వేలినీ మింగేసింది. మిగిలిన వేళ్ళతోనే ఆమె అదే యంత్రం ముందు మరో తొమ్మిదేళ్ళు నిలబడింది. మొగుడు పోయాక ఇంటి కప్పు తనే వేసుకుంది. అలాంటి చేతిని ఒక చేప కోసం తప్పుపట్టడం ఆమెకు మింగుడు పడలేదు. చలికాలమంతా ఆలోచించింది. తప్పు చేతిది కాదు, కర్రది. మెత్తగా వంగే ఆ మీడియం కర్రను కూడా డ్వైటే ఇచ్చాడు, ఆడవాళ్ళకు తేలిగ్గా ఉంటుందని.

మార్చిలో, చేపల క్లబ్బు పోటీకి వారం ముందు, ఆమె హోయిట్ ప్రూయిట్ గాలాల దుకాణానికి వెళ్ళింది. హోయిట్, ఆమె బళ్ళో ఒకే తరగతి.

"జిగ్‌కి కర్ర కావాలి. హెవీ."

"హెవీయా? ఎవరికి?"

"నీ ఎదురుగా నిలబడ్డ మనిషికి."

హోయిట్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "చూడు వెర్లీన్, హెవీ అంటే బిరుసు కర్ర, మగాళ్ళ భుజాలకే నొప్పెడుతుంది. నీకు మీడియమే మేలు. గాలానికి రబ్బరు వానపాములు వేసుకో. హాయిగా గడిచిపోతుంది."

"హాయిగా గడపడానికి ఇంట్లో ఊగుడు కుర్చీ ఉంది. మీడియం, మీడియం హెవీ, హెవీ, మూడూ బయటికి పట్రా. పాత బూటు కూడా ఒకటి తే."

"బూటెందుకు?"

"చేప దవడ కింద లెక్క."

దుకాణం ముందు ఉడకబెట్టిన వేరుశనగలు తింటున్న ఇద్దరు ముసలాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. హోయిట్ చేతికి తోలు తొడుగు వేసుకుని బూటు పట్టుకున్నాడు. దాని రబ్బరు అడుగుకు జిగ్ ఆనించి వెర్లీన్ ఇరవై అడుగులు వెనక్కి నడిచింది. మీడియం కర్రతో లాగింది. కర్ర సగం దాకా వంగింది, రబ్బరు మీద గీత పడింది, అంతే. మీడియం హెవీతో లాగితే ముల్లు మొన గుచ్చుకుంది గానీ మొన పక్కనున్న కొక్కెం దాకా దిగలేదు. హెవీ అందుకుంది. కొస కొంచెమే వంగింది, కర్ర నడుము నిటారుగా నిలిచింది, ముల్లు రబ్బరులో పూర్తిగా దిగింది. బూటు హోయిట్ చేతిలోంచి ఎగిరి ముసలాళ్ళ వేరుశనగల గిన్నెలో పడింది.

ముసలాళ్ళు పగలబడి నవ్వారు. హోయిట్‌కి రోషం వచ్చింది.

"అంత మొనగత్తెవైతే ఎక్స్‌ట్రా హెవీ తీసుకో. చెట్లు పెకలించొచ్చు."

ఆమె దాన్నీ ఊపి చూసింది. అర ఔన్సు జిగ్ కట్టి విసిరింది. కర్ర కొస కదల్లేదు. జిగ్ రాయిలా దగ్గర్లోనే పడింది.

"ఇది వద్దు. నేను వేసే బరువును ఇది విసరలేదు, పడ్డ చేప దవడ చీల్చేస్తుంది. నీ నోరు మూయించడానికి కాదయ్యా హోయిట్ నేను కర్ర కొనేది. నా జిగ్‌కీ, ఆ నాచుకీ ఏది సరిపోతుందో అది కావాలి. హెవీ కట్టు."

హోయిట్ కర్రను కాగితంలో చుట్టి కట్టాడు.

పోటీ రోజు పొద్దున్నే జలాశయం మీద మంచు పొగ. డ్వైట్ పడవ ముందు సీట్లో కూర్చుని మోటారు పెడలు తొక్కుతున్నాడు. వెర్లీన్‌ది వెనక సీటు. క్లబ్బులో పడవ ఎవరిదైతే ముందు సీటు వాళ్ళదే. ముందున్నవాడు దులిపేసిన నీళ్ళే వెనకవాళ్ళకు మిగిలేది.

"కొత్త కర్రా? గడకర్రలా ఉందే! పడవ నెట్టుకోవడానికి తెచ్చావా?"

"నీ పని నువ్వు చూసుకో డ్వైట్."

పది గంటలకు డ్వైట్ దట్టమైన నాచు తివాచీని నాలుగుసార్లు గాలించి, ఏమీ లేదని తేల్చేసి పడవ తిప్పాడు. పడవ కదులుతుండగా వెర్లీన్‌కి ఆ నాచులో చారెడు కంత కనబడింది. జిగ్‌ని అందులోకి వదిలింది. అది దిగుతూ దిగుతూ మధ్యలో ఆగింది. దారం పక్కకు నడవడం మొదలైంది.

ఆమె కర్రను ఒక్క ఉదుటున వెనక్కి లాగింది. కర్ర వంగి, ఒక చోట ఆగిపోయింది. ఆ ఆగడంలోనే తెలిసింది ఆమెకు, ముల్లు దిగిందని. చేప నాచు అడుగుకు దూకింది. దారం చుట్టే రీలు పట్టుకున్న ఎడమ చేతిలో మిగిలిన వేళ్ళు తెల్లబడ్డాయి. భుజంలో మంట.

డ్వైట్ సీటు దాటుకుంటూ వచ్చాడు. "ఇటివ్వు వదినా, నీ వల్ల కాదు!"

"ముట్టుకున్నావంటే నీళ్ళలో తోస్తాను."

"పోతుంది, మళ్ళీ పోతుంది!"

"పోతే నా చేప పోతుంది. కూర్చో!"

డ్వైట్ కూర్చున్నాడు. ఈ సంగతి మాత్రం ఆ తర్వాత ఎవరికీ అభినయించి చెప్పలేదు. వెర్లీన్ కర్రను కిందికి దించలేదు. మూరెడు మూరెడు చుట్టింది. ముద్దెడు నాచుతో సహా చేప పైకి తేలింది. ఆమె వంగి, దవడలో బొటనవేలు దూర్చి, ఒంటి చేత్తో పడవలోకి ఎత్తింది. ముల్లు పై దవడకు ఈ వైపు నుంచి ఆ వైపుకు దిగి ఉంది.  అప్పుడు ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ డ్వైట్‌కి కనబడకుండా పడవలో చేపలుంచే నీళ్ళ తొట్టి మీదికి వంగింది.

ఒడ్డున తక్కెడలో ఏడు పౌన్ల రెండు ఔన్సులు తూగింది. ఆ రోజు దాన్ని మించిన చేప లేదు. మొత్తం బరువులో మాత్రం ఆమె ఆరో స్థానం, ఇంకో చేప పడలేదు.

"నేను తీసుకెళ్ళిన చోటే," అన్నాడు డ్వైట్ చుట్టూ చేరినవాళ్ళతో.

"చోటు నీదే," అంది వెర్లీన్. "నాలుగుసార్లు ఖాళీ గాలంతో తిరిగొచ్చిన చోటు."

ఫక్కుమన్నారందరూ. ఆమె ఆగలేదు. తూచిన చేపను పోటీ పద్ధతి ప్రకారం నీళ్ళలో వదిలేసి, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, క్లబ్బు కార్యదర్శి బల్ల దగ్గరికి నడిచింది. మే నెల పోటీకి రెండు కాగితాలున్నాయి, ముందు సీటుకొకటి, వెనక సీటుకొకటి. ఆమె ముందు సీటు కాగితం లాక్కుంది.

"నీకు పడవేదీ?" అన్నాడు కార్యదర్శి.

"మా ఆయన అల్యూమినియం పడవ షెడ్డులో ఉంది. కన్నాలు రెండే. పూడ్చుకుంటాను."

"ఆ డొక్కు పడవలో నీతో ఎవరొస్తారమ్మా?"

"రాకపోతే ఒంటరిగా వెళ్తాను."

పేరు రాసింది. పెద్ద అక్షరాలతో, గీత దాటి పక్క గళ్ళోకి కూడా పోయేలా రాసింది.